తిరిగొచ్చే అనుమతి

పొద్దున ఆరున్నరకి ఆ ఇంట్లో ముందుగా వినిపించేది సర్వేయరు గరిటె చప్పుడు. తొమ్మిదేళ్ళ క్రితం దాకా అతను స్థలాలు కొలిచేవాడు. భార్యకి పరాయి దేశంలో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చి సంసారం ఇక్కడికి మారాక, టేపు పక్కన పెట్టి గరిటె పట్టాడు. టీచరు వీసా మీద వచ్చిన కుటుంబసభ్యులు ఇక్కడ ఉద్యోగం చెయ్యకూడదు. అది రూలు. ఎవరైనా అడిగితే, "ఏం పోయింది? అప్పుడు ఎకరాల్లో కొలిచాను, ఇప్పుడు గ్లాసుల్లో కొలుస్తున్నాను" అని నవ్వేవాడు.

ఆ మంగళవారం కూడా అలాగే తెల్లవారింది. గట్టు మీద డబ్బాలు మూతలు తెరుచుకుని ఉన్నాయి. కూతురు గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని పాఠం వల్లె వేస్తోంది. ఇంకో మూడు వారాల్లో స్కూలు ఆఖరి పరీక్షలు. టీచరు అత్తగారు కిటికీ పక్క కుర్చీలో మోకాళ్ళకి నూనె రాసుకుంటోంది.

"ఒరేయ్, నిన్న పిల్ల డబ్బాలో ఉప్పు తక్కువైందట. ఊరంతా కొలిచావు గానీ, ఉప్పు కొలవడం రాలేదు నీకు."

"నిన్న వండింది నువ్వేనమ్మా."

"అందుకే చెబుతున్నా. ఇంకెప్పుడూ నాకు అప్పజెప్పకు."

టీచరు జడ వేసుకుంటూ నవ్వింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అక్క కూతురు.

"పిన్నీ, అమ్మ ఆపరేషన్ ముందుకి జరిపారు. ఎవరో తప్పుకున్నారట, గురువారం ఖాళీ ఉందన్నారు. నువ్వొస్తున్నావు కదా?"

అక్కకి కడుపులో గడ్డ ఉందని తెలిసి రెండు వారాలైంది. వచ్చే నెల టీచరుకి సెలవులిచ్చాక చేయిద్దామనుకున్నారు. తొమ్మిదో ఏట తల్లి పోతే, టీచరుని పెంచింది ఆ అక్కే. పద్దెనిమిదేళ్ళ వయసులో తన కాలేజీ మానేసి, చెల్లెల్ని బడికి పంపింది. అలాంటి అక్క ఆపరేషన్ బల్ల ఎక్కుతుంటే తను పక్కన లేకపోవడమా?

"రాకుండా ఎలా ఉంటానే? గురువారం తెల్లారేసరికి నీ ముందుంటాను" అంది.

హెడ్మిస్ట్రెస్ అయిదు నిమిషాల్లో పదిరోజుల సెలవిచ్చింది, ఉత్తరం కూడా రాసిచ్చింది. మూడున్నరకి టీచరు ఇంటికొచ్చేసరికి హాల్లో సూట్‌కేసు సిద్ధంగా ఉంది.

"రేపు పొద్దున తొమ్మిదింటికి విమానం. టికెట్ తీసేశాను. వదినకి మెత్తటి శాలువా కూడా పెట్టాను" అన్నాడు సర్వేయరు. అన్నీ తనే సిద్ధం చేశానన్న తృప్తి అతని ముఖంలో దాచినా దాగడం లేదు.

ఆమెకి కళ్ళు చెమర్చాయి. అలవాటు కొద్దీ పాస్‌పోర్టు అందుకుంది. ల్యాబులో ఏ సీసా అయినా చీటీ చదవకుండా వంచని మనిషి. పేజీలు తిప్పుతూ తిప్పుతూ ఒకచోట ఆగిపోయింది.

"ఏవండీ, ఇది వాడేశాం."

"ఏది?"

"తిరిగొచ్చే పర్మిట్. పోయిన వేసవిలో తీసుకున్నది ఒక్కసారికే. వెళ్ళాం, వచ్చాం, అయిపోయింది. కొత్తది తీసుకోలేదు."

ఇక్కడ పనిచేసే పరాయి టీచర్లు దేశం దాటేముందే, తిరిగి వస్తామని ఆ పర్మిట్ తీసుకోవాలి. తీసుకోకుండా విమానం ఎక్కితే, ఎక్కిన క్షణమే వీసా రద్దు. ఆమె వీసాకే మిగతా ముగ్గురి వీసాలూ ముడిపడి ఉన్నాయి.

సర్వేయరు ముఖం పాలిపోయింది. ఇంట్లో ఫైళ్ళన్నీ చూసేది అతనే. పాస్‌పోర్టు అందుకుని పేజీలు తిప్పి చూశాడు. తరవాత గొంతు పెంచాడు.

"ఎవడు చూస్తాడు అవన్నీ! వెళ్ళిపో. టూరిస్టు వీసా మీద తిరిగి రా, తరవాత చూసుకుందాం. ఇక్కడ ఇవన్నీ ఎవరూ పట్టించుకోరని కింది వాటా ఆయన ఎప్పుడూ అంటూంటాడు."

"కింది వాటా ఆయనకేం తెలుసండీ, పుట్టినప్పటినుంచీ ఇక్కడి మనిషి! టూరిస్టు వీసా మీద వస్తే నేను తరగతి గుమ్మం తొక్కకూడదు. ఉద్యోగం, వీసా అన్నీ మళ్ళీ మొదటినుంచి. నెలలు పడుతుంది. ఈలోపు పిల్ల పరీక్షలు ఎవరు రాస్తారు, మీరా?"

మళ్ళీ ఫోన్. టీచరు స్పీకరు నొక్కి, ఉన్న సంగతి ఉన్నట్టు చెప్పింది. అవతల అక్క కూతురు భగ్గుమంది.

"అమ్మకన్నా నీకు కాగితం ఎక్కువైపోయిందా పిన్నీ? నీకోసం అమ్మ చదువు మానుకున్నప్పుడు ఏ ఆఫీసుకెళ్ళి పర్మిషన్ అడిగింది?"

ఫోన్ పెట్టేసింది. కూతురు పుస్తకం గుండెలకి హత్తుకుని తలుపు దగ్గర నిలబడిపోయింది.

"అది అడిగినదాంట్లో తప్పేముంది?" అన్నాడు సర్వేయరు. "ఈ ఇంట్లో ఊపిరి పీల్చాలన్నా నీ కాగితమే. నేను బ్యాంకుకెళ్ళినా నీ కాగితం, ఆసుపత్రికెళ్ళినా నీ కాగితం. నా పేరు పక్కన ఏం రాసుంటుందో తెలుసా? టీచరు మీద ఆధారపడిన వ్యక్తి. తొమ్మిదేళ్ళుగా నీ కాగితానికి వేలాడుతున్నాను. ఆఖరికి నీ అక్క దగ్గరికి నిన్ను పంపిద్దామన్నా నా మాటకి దిక్కు లేదు!"

టీచరు నివ్వెరపోయింది. ఎకరాలూ గ్లాసులూ అని నవ్వే మనిషి నోట ఈ మాట ఎన్నడూ వినలేదు.

"ఒరేయ్, గొంతు దించు." అత్తగారు కుర్చీ చేతుల మీద బలం మోపి లేచింది. "పోయిన వేసవిలో ఆ ఫారం నింపింది ఎవరు? ఒక్కసారి చాలులే అని టిక్కు పెట్టింది ఎవరు? నా ఎదురుగానే కదా కూర్చుని నింపావు. తప్పు చేసినవాడికి సిగ్గేస్తే తల దించుకోవాలి. ఎదుటివాళ్ళ మీద అరిస్తే ఆ సిగ్గు పోదు."

సర్వేయరు బాల్కనీలోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

టీచరుకి ఏడుపు రాలేదు. "అత్తయ్యా, నేను వెళ్తాను. అక్కని చూస్తాను. తిరిగొస్తాను. ఈ మూడూ జరుగుతాయి. పర్మిట్ కోసం రేపు వీసా ఆఫీసు తలుపు తీసేసరికి నేను గుమ్మంలో ఉండాలి, అంతే."

"ఉంటావులే. నీ సంగతి నాకు తెలీదూ?" అంది అత్తగారు.

బుధవారం పొద్దున ఆమె చెప్పులేసుకుంటుంటే సర్వేయరు ఫైలు చంకన పెట్టుకుని వచ్చి నిలబడ్డాడు. టికెట్ ఆ రాత్రి విమానానికి మార్చేశానని మాత్రం చెప్పాడు. బస్సులో పక్కపక్క సీట్లు ఖాళీగా ఉన్నా, అతను ముందు కూర్చున్నాడు, ఆమె వెనక.

ఆఫీసులో నంబరు చీటీలు, అద్దం వెనక ఆఫీసరు. కళ్ళజోడు ముక్కు మీదికి జార్చుకుని హెడ్మిస్ట్రెస్ ఉత్తరం రెండుసార్లు చదివింది.

"సెలవు ఇచ్చామని ఉంది. సెలవయ్యాక మళ్ళీ ఇదే ఉద్యోగంలో చేరతారని లేదు. ఆ మాట లేకపోతే తీసుకోలేను."

గోడ గడియారం పదిన్నర దాటింది. పన్నెండుకి కౌంటరు మూసేస్తారు. టీచరు నోరు తెరిచేలోపే వెనకనుంచి సర్వేయరు గొంతు వినిపించింది. పూర్వం సరిహద్దు రాళ్ళ దగ్గర తగువులు తీర్చినప్పటి నిబ్బరం ఉంది అందులో.

"మేడమ్, ఆ ఒక్క వాక్యం రాయించుకొస్తే ఈరోజే తీసుకుంటారా? మిగతావన్నీ సరిగ్గా ఉన్నాయా, ఇంకేమైనా తక్కువయ్యాయా? ఒకేసారి చెప్పండి, రెండోసారి మిమ్మల్ని ఇబ్బంది పెట్టను."

ఆఫీసరు కాగితాలు వరసగా చూసింది. "అన్నీ ఉన్నాయి. పన్నెండులోపు తెండి."

"నువ్వు ఇక్కడే ఉండు. నంబరు పోకూడదు" అని భార్యతో అంటూనే అతను బయటికి పరుగెత్తాడు.

పదకొండూ యాభైకి తిరిగొచ్చాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. చేతిలో కొత్త ఉత్తరం, దాని మీద ఆరీ ఆరని స్కూలు ముద్ర. "మీ హెడ్మిస్ట్రెస్ వరండాలో నిలబడే సంతకం పెట్టింది" అన్నాడు ఆయాసపడుతూ. ఫారంలో, ఒక్కసారికా, అనేకసార్లకా అని అడిగిన చోట అతను ఎవర్నీ అడగకుండా రెండోదానికి గట్టిగా టిక్కు పెట్టాడు.

"రేపు పదకొండింటికి వచ్చి తీసుకోండి" అంది ఆఫీసరు.

రేపు తొమ్మిదింటికే అక్క ఆపరేషన్. ఆఫీసు మెట్ల మీద టీచరు కూలబడిపోయింది. నిన్నటినుంచి రాని ఏడుపు ఇప్పుడు ఆగలేదు.

"నేను చేసింది సరైనదే. నాకు తెలుసు. అయినా అక్క దగ్గర నేను లేనండీ!"

సర్వేయరు ఏదో చెప్పబోయి ఆగాడు. ఆమె సంచిలో ఫోన్ మోగింది. ఈసారి అక్కే.

"ఏమే, ఏడుస్తున్నావా? కళ్ళు తుడుచుకో. ఆపరేషన్ సోమవారానికి మార్పించుకున్నాను. వచ్చే నెల చెయ్యొచ్చన్న డాక్టరే కదా, నాలుగు రోజులకి ఏమీ మునిగిపోదన్నాడు. ఈ పిల్ల నాకొక్క ముక్క చెప్పకుండా నీ మీద ఎగిరిందట. నా పక్కనే ఉంది, పొద్దుటినుంచీ చీవాట్లు తింటోంది."

"నీకెవరు చెప్పారక్కా?"

"ఎవరో ఒకరు చెప్పార్లే. నా చెల్లెలు దొంగలా రావక్కర్లేదు. దొరసానిలా రా, దొరసానిలా వెళ్ళు."

గురువారం పర్మిట్ చేతికొచ్చింది. మధ్యాహ్నం విమానం. సర్వేయరు పాస్‌పోర్టు ఆ పేజీ దగ్గరే తెరిచి ఆమె చేతికిచ్చాడు. "దిగగానే ఫోన్ చెయ్యి" అన్నాడు.

సోమవారం ఆపరేషన్ గది తలుపు మూసుకునేదాకా అక్క చెయ్యి ఆమె చేతిలోనే ఉంది. గడ్డ ప్రమాదకరమైనది కాదన్నాడు డాక్టరు. ఆ మాట వినగానే అక్క కూతురు వచ్చి ఆమె భుజం మీద తల పెట్టేసింది.

"తప్పయిపోయింది పిన్నీ. భయంతో నోటికొచ్చింది అన్నాను."

"నువ్వన్నదాంట్లో అబద్ధం లేదే. అందుకే అంత గుచ్చుకుంది" అంది టీచరు, ఆ పిల్ల జుట్టు సవరిస్తూ.

మర్నాడు పొద్దున అక్క దిండుకి ఆనుకుని కూర్చుంది. మాటలో నీరసం ఉన్నా, చూపులో పాత పెద్దరికమే.

"పోయిన మంగళవారం సాయంత్రం నాకు ఫోన్ చేసింది మరిదిగారే. నీకు చెప్పొద్దన్నారు. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు."

"ఏమన్నారు?"

"'వదినా, ఈ ఇంట్లో ముగ్గురం మీ చెల్లెలి కాగితం మీదే నిలబడ్డాం. ఇందాక ఆ మాటే తనతో కోపంగా అన్నాను. మీతో గర్వంగా చెబుతున్నాను. తప్పు నాది, శిక్ష తనకి పడుతోంది. వీలుంటే నాలుగు రోజులు ఆగగలరేమో డాక్టర్ని అడగండి' అన్నారు."

టీచరు అక్క ముఖంలోకి అలాగే చూస్తూ ఉండిపోయింది. ఒకరు తనకోసం పుస్తకాలు మూశారు. ఇంకొకరు తనకోసం వృత్తి వదులుకున్నారు. ఒకరి త్యాగం ఊరంతా చెప్పుకుంది. రెండోది రోజూ కళ్ళెదుటే ఉన్నా, తనకి కనబడలేదు. ఆమె వరండాలోకి వెళ్ళి ఫోన్ చేసింది.

"వదినెలా ఉన్నారు?" సర్వేయరు మొదటి మాట అదే.

"బావుంది. కూర్చుని మీ మీద చాడీలు చెబుతోంది."

"చెప్పేశారా?"

"చెప్పేసింది. నేనూ ఒకటి చెప్పాలి. మీ పని మాన్పించి ఇంత దూరం తీసుకొచ్చాను. తొమ్మిదేళ్ళలో ఒక్కరోజు కూడా మీకెలా ఉందని అడగలేదు. నవ్వుతున్నారు కదా, బానే ఉన్నారనుకున్నాను."

"నవ్వు అబద్ధం కాదులే" అన్నాడు సర్వేయరు. "కాకపోతే కొన్ని రోజులు... కొన్ని రోజులు బరువుగానే ఉండేది."

"ఆ రోజుల గురించి నాకు చెప్పండి. అన్నీ. మీ పనికి ఇక్కడ ఏ దారి ఉందో కూడా వెతుకుదాం. రూలు ఉన్నచోట దారీ ఉంటుంది, మొన్న ఆ కౌంటరు దగ్గర చూపించింది మీరే కదా."

వెనకనుంచి అత్తగారి గొంతు వినిపించింది. "ఒరేయ్, ఏడిస్తే ఏడిచావు గానీ, ఫోనిలా ఇవ్వు. పెద్దమ్మాయిని పలకరించాలి."

టీచరు కన్నీళ్ళ మధ్యే పకపకా నవ్వింది. అవతల అతను కూడా నవ్వాడు.

"శనివారం దిగుతాను" అంది. "నన్ను తీసుకెళ్ళడానికి మీరొక్కరే రండి. తిన్నగా ఇంటికెళ్ళొద్దు. ఎక్కడైనా కూర్చుని మాట్లాడుకుందాం."

"ఎంతసేపు?"

"మీ తొమ్మిదేళ్ళూ అయ్యేదాకా."