మంచి రోజుల్లో తీసేసిన పట్టీ

2071. కాకినాడ తీరానికి అవతల, సముద్రం మీద తేలే పట్టణంలో పొద్దున్నే పళ్లు తోముకున్నంత మామూలుగా అందరూ మణికట్టుకు మనోమాపకం కట్టుకుంటారు. నిద్ర, నడక, మాట వేగం చూసి మనసు ఎటు ఒరుగుతోందో చెప్పే పట్టీ అది.

డాక్టర్ అలివేణి దానికి కొత్త విద్య నేర్పింది. వట్టి డిప్రెషన్‌నూ, కుంగుబాటూ ఉద్రేకమూ మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బులోని డిప్రెషన్‌నూ వేరుచేసి, తగిన మందును చర్మం గుండా అందించడం. పైకి రెండూ ఒకేలా ఉంటాయి. రెండోదానికి మొదటిదాని మందొక్కటే ఇస్తే, కుంగిన మనిషి పట్టపగ్గాల్లేని ఉద్రేకంలోకి ఎగిరిపోవచ్చు.

ప్రయోగంలో ఆ పట్టీ అందరినీ గట్టెక్కించింది, ఆమె సొంత అన్నయ్య విరూపాక్షాన్ని తప్ప. రెండేళ్లలో మూడోసారి మంచం పట్టాడాయన. ఈసారి అన్నం కూడా ముట్టడం లేదు. అన్నయ్య దక్కకపోతే తన చదువంతా ఎందుకని అలివేణి కుమిలిపోయింది.

"ఎందుకు పట్టుకోలేకపోతున్నావ్?" అని పట్టీనే నిలదీసింది.

"నాకు ఆయన కుంగిన రోజులే తెలుసు. ఉత్సాహంగా ఉన్న రోజు ఒక్కటీ మీరు నాకు చూపించలేదు," అందది.

అలివేణి వదిన వైపు తిరిగింది. కుందన తల దించుకుంది.

"ఆ రోజుల్లో పట్టీ నేనే తీసేసేదాన్నమ్మా. మీ అన్నయ్య మూడ్రోజులు కన్ను మూయకుండా, పాటలు పాడుకుంటూ వీధిలో పడవలన్నిటికీ రంగులేసేవారా... ఆ సంతోషాన్ని కొలిస్తే దిష్టి తగలదూ?"

అలివేణికి ఒళ్లు మండింది. మరుక్షణమే సిగ్గేసింది. ఆ పడవల పక్కన నిలబడి చప్పట్లు కొట్టింది తనే. అన్నయ్య బోసి మణికట్టు చూసి కూడా ఒక్క మాట అడగలేదు.

"వదినా, నిద్రలేని ఆ హుషారు కూడా జబ్బే. ఇంక తియ్యకు."

ఇద్దరూ కూర్చుని ఆ రోజులన్నీ గుర్తు చేసుకుని పట్టీకి చెప్పారు. నిమిషంలో అది బైపోలార్ అని తేల్చింది. వైద్యులు చూసి సరేనన్నాక మందు మారింది.

అయిదో నెలలో ఒక పొద్దున విరూపాక్షం కాఫీ తాగుతూ, "ఇవాళ విశేషమేం లేదే, మామూలుగా ఉంది," అన్నాడు. ఆ మాటకు కుందన ఆనందం పట్టలేక ఏడ్చేసింది. ఏడాది తిరిగినా ఆ మామూలు చెదరలేదు.

పట్టీని అందరికీ ఇవ్వవచ్చని వైద్యమండలి ప్రకటించిన రోజు సభంతా లేచి నిలబడింది. అందరికంటే ముందు లేచింది విరూపాక్షమే. గెలిచామన్న సంతోషం అలివేణి గుండెలో పట్టలేదు. ఆమె వేళ్లు వాటంతటవే తన మణికట్టు మీది పట్టీని విప్పబోయాయి.

కుందన చప్పున ఆ చెయ్యి పట్టుకుంది.

"ఉంచమ్మాయ్. ఇంటికెళ్లాక నీకూ, దానికీ కలిపి దిష్టి తీస్తాలే."