దిగనంటే దిగనన్న బచీచా

ఓడ గ్రీకు దీవి ఖీయోస్ రేవుకి చేరి గంటన్నర అయింది. భోజనశాలలో వెండి పళ్ళేల్లో ముప్పై రకాల ఫలహారాలు పరిచి ఉన్నాయి. బచీచా మాత్రం ఇటలీలోని సొంతూరు జెనోవా నుంచి సంచిలో మోసుకొచ్చిన ఫొకాచా రొట్టెముక్కని పాలకాఫీలో ముంచుతున్నాడు. రొట్టె వయసు ఆరు రోజులు, బచీచా వయసు డెబ్బై నాలుగేళ్ళు. రెండూ ఒకంతట మెత్తబడే రకాలు కావు.

"నాన్నా, అది రొట్టెనా, లంగరా? అంత చప్పుడు చేస్తూ మునిగిందేమిటి?" అంది కూతురు ఒర్నెల్లా.

"మీ ఓడ రొట్టెలకంటే నయమే. అవి పెదవి దాటకముందే కరిగిపోతున్నాయి. తిన్నానో లేదో నాకే తెలియడం లేదు."

ఒర్నెల్లా బడిలో పెద్ద పంతులమ్మ. గంట కొట్టి ఆరువందల మంది పిల్లల్ని లోపలికి తేగలదు, గంట కొట్టి బయటికి పంపగలదు. ఈ ఒక్క తండ్రిని ఓడలోంచి బయటికి పంపడం మాత్రం ఐదు రోజులుగా ఆవిడ వల్ల కాలేదు. అమ్మానాన్నల పెళ్ళయి యాభై ఏళ్ళయిందని, మధ్యధరా సముద్రం చుట్టూ ఉన్న పాత రేవులన్నీ చూపించే ఈ ఖరీదైన ఓడలో రెండు గదులు తీసుకుంది. బయల్దేరినప్పుడు అది విహారనౌకే. రెండోరోజుకే వివాదనౌక అయింది.

నేపుల్స్‌లో దిగమంటే "జనం ఎక్కువ" అన్నాడు. వాలెట్టాలో "మెట్లెక్కువ" అన్నాడు. రోడ్స్‌లో "ఎండెక్కువ" అన్నాడు. అన్నిచోట్లా ఎక్కువే తప్ప దిగువ లేదు. దిగమంటే చాలు, దిగులు ముఖం పెట్టేవాడు. తల్లీకూతుళ్ళిద్దరే దిగి, చూసి, ఫొటోలు తీసుకుని వచ్చేవారు. వచ్చేసరికి ఆయన పై అంతస్తులో కటకటాల దగ్గర, వాళ్ళు వెళ్ళేటప్పుడు ఎలా నిలబడ్డాడో అలాగే నిలబడి ఉండేవాడు, ఓడని గట్టుకి కట్టిన తాళ్ళ వంక చూస్తూ.

తాళ్ళ మీద అంత గురి ఊరికే రాలేదు. ముప్పై ఎనిమిదేళ్ళు జెనోవా రేవులో ఆయన పనే అది. ఓడ రాగానే మోకు అందుకుని గట్టు మీది ఇనుప గుంజకి తగిలించాలి. ఓడ వెళ్ళేటప్పుడు ఆ మోకు తప్పించాలి. మోకులు గుంజీ గుంజీ మోకాళ్ళు అరిగాయి. లోకంలోని ఓడలన్నీ ఆయన చేతుల మీదుగా వెళ్ళాయి గాని, ఆయన మాత్రం ఒక్కటీ ఎక్కలేదు. ఇన్నాళ్ళకి ఎక్కాడు, ఇక దిగనంటాడు.

"ఇవాళ దిగుతున్నావు," అంది ఆయన భార్య యోలే. ఆవిడ ఆరింటి నుంచీ కొత్త గడ్డిటోపీ పెట్టుకుని సిద్ధంగా ఉంది.

"చూద్దాం."

"చూద్దామంటే? దిగి చూద్దామనా, ఇక్కణ్ణుంచే చూద్దామనా?"

"ఈ రేవు వాళ్ళ పని నాకు నచ్చలేదు యోలే. పొద్దున చూశాను, ఒకడు సిగరెట్టు కాలుస్తూ మోకు వేశాడు. ఎవరో ఒకరు కనిపెట్టుకుని ఉండాలి."

"ఉన్నారుగా నూటయాభై మంది నావికులు!"

"వాళ్ళు జీతానికి చూస్తారు. నేను ఇష్టంతో చూస్తాను."

"ఇష్టం! ఆ ఇష్టంలో చారెడు నా మీద పెట్టి ఉంటే ఈపాటికి నాకు రెక్కలొచ్చేవి." యోలే టోపీ సర్దుకుంది. "చూడు బచీచా, ఆ కనపడే కోట మనవాళ్ళు కట్టిందే. రెండువందల ఏళ్ళు జెనోవా వాళ్ళు ఈ దీవిని ఏలారు. బడిలో టీచరమ్మ చెప్పినప్పటి నుంచీ చూడాలని నాకు కోరిక. కూతురితో కాదు. నీతో."

"మనవాళ్ళు కట్టిన గోడైతే గట్టిగానే ఉంటుంది. ఎక్కడికీ పోదు."

"గోడ పోదు, ఓడ పోతుంది! రేపు పొద్దున పిరేయస్‌లో అందర్నీ సామాన్లతో సహా దించేస్తారు. అక్కడ నువ్వు దిగినా అది దిగడం కాదు, దింపడం. ఇవాళ ఒక్కటే మిగిలింది."

ఒర్నెల్లా చెంచా బల్ల మీద పెట్టేసింది. "నాన్నా, అసలు కారణం చెప్పు. ఒక్కటి చెప్పు, నేను నోరు మూసుకుంటాను."

"మోకాళ్ళు."

"నిన్న సాయంత్రం ఓడ చుట్టూ పదకొండుసార్లు తిరిగావు. నేనే చూశాను!"

"అది చదును. ఊళ్ళు చదునుగా ఉండవు."

"వదిలెయ్యవే," అంది యోలే. గొంతు తగ్గింది. ఆవిడ గొంతు తగ్గిందంటే ప్రమాదమని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. "పండగొస్తే ఓడ వచ్చేది. నీ పుట్టినరోజుకి ఓడ. మా అమ్మ పోయిన రోజున రెండు ఓడలు. ఓడల్ని కట్టడానికి ఉన్న తీరిక కట్టుకున్నదానికి ఏనాడూ లేకపోయింది. సరే, పని అన్నాను, ఊరుకున్నాను. ఇప్పుడు పనీ లేదు, మేస్త్రీ లేడు. ఊరు ఎదురుగా ఉంది. ఇప్పటికీ నాతో నాలుగడుగులు వెయ్యలేవంటే, నేనేమనుకోవాలి?"

బచీచా కప్పులోకి చూశాడు. "నువ్వెళ్ళిరా. నేను పైనుంచి చూస్తుంటాను," అన్నాడు.

"చూస్తూనే ఉండు," అంది యోలే. చేతిసంచి తీసుకుంది. వెంట లేవబోయిన కూతురి భుజం నొక్కి కూచోబెట్టింది. "నువ్వూ వద్దు. ఇవాళ నా వెంట ఎవరూ రానక్కర్లేదు."

ఓడ బయల్దేరేది సాయంత్రం ఐదింటికి. నాలుగున్నరకల్లా అందరూ ఎక్కాలి. నాలుగూ నలభైకి ఓడంతా మోగేలా ప్రకటన వచ్చింది, నాలుగువందల పన్నెండో గది ప్రయాణికురాలు వెంటనే రావాలని.

"ఫోను చేస్తున్నా, తియ్యదే!" ఒర్నెల్లా పై అంతస్తులోకి పరిగెత్తుకొచ్చింది. "తీరా చూస్తే ఫోను గదిలో దిండు కింద మోగుతోంది! ఒకరు ఓడ దిగరు, ఒకరు ఓడ ఎక్కరు. నా బడిలో ఒకటో తరగతి పిల్లలు నయం నాన్నా, చెయ్యి పట్టుకుంటే వస్తారు!"

బచీచా రెండు చేతులతో కటకటాలు పట్టుకుని గట్టు వంకే చూస్తున్నాడు. మధ్యాహ్నం భోజనానికి కూడా అక్కణ్ణుంచి కదల్లేదు.

అప్పుడు గడ్డిటోపీ కనపడింది. గట్టు వెంట, తొందరేమీ లేకుండా, పెళ్ళి విందు నుంచి వస్తున్నట్టు నడిచి వస్తోంది యోలే. ఒర్నెల్లా ఊపిరి పీల్చుకుంది. పీల్చుకున్నది వదిలేలోపే తల్లి ఓడ మెట్ల వంతెన దాటేసింది. దాటి, ఓడ వెనక వైపుకి నడిచి, మోకు తగిలించి ఉన్న ఇనుప గుంజ దగ్గర ఆగింది. రుమాలు తీసి దాని తల తుడిచింది. గౌను సర్దుకుని దానిమీద కూచుంది.

రేవు మనుషులు ముగ్గురు పరిగెత్తుకొచ్చారు. వాళ్ళు గ్రీకులో అరిచారు, ఆవిడ జెనోవా యాసలో అరిచింది. ఒకరి మాట ఒకరికి తెలియకపోయినా విషయం మాత్రం అందరికీ అర్థమైంది. ఆవిడ లేవదు.

"అమ్మా!" ఒర్నెల్లా పైనుంచి కేక పెట్టింది. "అక్కడ కూచున్నావేమిటి?"

"మీ నాన్ననడుగు, ఇదేం తాడో!" కింది నుంచి అంతకు రెట్టింపు కేక. "ఆఖర్న తప్పించే తాడు! యాభై ఏళ్ళు భోజనాల దగ్గర ఇంకేం విన్నాను? ముందు ఏది తీస్తారో, చివర ఏది తీస్తారో నిద్రలో లేపి అడిగినా చెబుతాను! ఇవాళ తాడో పేడో తేలాలి. ఆయన్ని దిగమను, లేస్తాను!"

ప్రయాణికులు గ్లాసులు పట్టుకుని కటకటాల దగ్గర మూగారు. ఒకాయన చప్పట్లు కొట్టాడు. తెల్ల దుస్తుల్లో ఓ అధికారి ఒర్నెల్లా పక్కకి వచ్చి వినయంగా దగ్గాడు.

"సిన్యోరా, ఆవిడ మీ అమ్మగారేనా?"

"ఇంతమంది ముందు కాదని చెప్పలేను కదండీ."

"కెప్టెన్ గారు పది నిమిషాలు ఇచ్చారు. తర్వాత రేవు పోలీసులు..."

ఆయన మాట పూర్తి కాలేదు. ఊరి వైపు నుంచి గాలి ఒక్కసారి కొట్టింది. ఓడ గట్టు నుంచి జానెడు జరిగింది. గుంజకి ఉన్న మోకు తిన్నగా బిగిసి కిర్రుమంది. బచీచా ముఖంలో రక్తం లేదు.

"యోలే! లే! మోకు బిగుస్తోంది! తెగిందంటే మనిషి రెండు ముక్కలవుతుంది!"

"తెలుసు! అదీ నువ్వే చెప్పావు!"

తండ్రి పరిగెత్తడం ఒర్నెల్లా పుట్టి బుద్ధెరిగి ఎప్పుడూ చూడలేదు. ఆ అరిగిన మోకాళ్ళతోనే నాలుగు అంతస్తుల మెట్లు దిగాడు. వంతెన మీద కాపలావాణ్ణి పక్కకి తోశాడు. గట్టు మీద పడి, యోలే రెండు చేతులూ పట్టుకుని లేపి, బరబరా వంతెన దాకా పాతిక అడుగులు లాక్కెళ్ళాడు. వెనకే దిగిన ఒర్నెల్లా వంతెన కింది మెట్టు మీద ఆగి రొప్పుతోంది.

"బుద్ధుందా నీకు? మోకు పక్కన కూచుంటావా? నీకేమైనా అయితే?" అన్నాడు బచీచా, చేతులు వదలకుండానే.

"దిగావుగా," అంది యోలే.

ఆయన కిందికి చూసుకున్నాడు. కాళ్ళ కింద రాతి గట్టు. చటుక్కున తలెత్తి ఓడ వంక చూశాడు, ఇంకా ఉందా అన్నట్టు.

"నేను నీతో రాలేకపోవడం కాదు యోలే. ఓడని వదిలి రాలేకపోతున్నాను. ఒకడు పరిగెత్తాడు."

"ఎవడు? ఎప్పుడు?"

"ఒర్నెల్లా పుట్టిన ఏడు. పలెర్మో వెళ్ళే ఓడ. వాడి పెళ్ళాం పైన నిలబడి ఉంది. వాడేదో తినడానికి కొనుక్కొస్తానని దిగాడు. పొట్లం పట్టుకుని గట్టు వెంట పరిగెత్తుకుంటూ వస్తున్నాడు. నాకు కనిపిస్తూనే ఉన్నాడు. మేస్త్రీ చెయ్యి ఊపాడు, నేను మోకు తప్పించేశాను. రెండు బారలు. అంతే దూరం. పైన ఆవిడ ఏడుస్తోంది. వాడు నా వంక చూశాడు. తిట్టలేదు, ఊరికే చూశాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది, మర్నాటి ఓడకి వెళ్ళుంటాడు. వాడికేం కాలేదు. అయింది నాకే. ఓడకి వీపు పెట్టి నడవాలంటే కాళ్ళు రావు. నేనిటు తిరిగేసరికి నాలాంటివాడెవడో మోకు తీసేస్తాడు. నువ్వు అటు, నేను ఇటు అయిపోతాం. మీరిద్దరూ దిగినప్పుడల్లా నేను పైన నిలబడింది ఎందుకనుకున్నావు? మీరు రాకుండా ఎవడైనా తాడు ముట్టుకుంటే అరవడానికి."

యోలే టోపీ వెనక్కి తోసుకుంది. 

"ఇన్నేళ్ళూ నాతో ఒక్క ముక్క చెప్పలేదేం?"

"చెబితే, రెండు నిమిషాలు ఆగలేకపోయావా అంటావు."

"అంటాను! ఆగలేకపోయావా మరి?"

"అందుకే చెప్పలేదు."

యోలే కళ్ళు తుడుచుకుంది. ఇందాక గుంజ తుడిచిన రుమాలు కావడంతో చెంప మీద తుప్పు చార పడింది. బచీచా బొటనవేలితో దాన్ని రుద్దాడు. చార మరింత పెద్దదైంది.

"సిన్యోర్, మూడు నిమిషాలు," అని వంతెన మీంచి అధికారి గుర్తు చేశాడు.

"పద, ఎక్కుదాం," అంది యోలే. "దిగావు. చాలు నాకు."

ఆయన కదల్లేదు. "కోట బాగుందా?"

"చూస్తేగా! ద్వారం దాకా వెళ్ళాను. ఒక్కదాన్నే ఏం చూస్తానని ఎదురుగా కాఫీ కొట్లో కూచున్నాను. పొద్దుటి నుంచీ అక్కడే. కొట్టువాడు జాలిపడి బిస్కట్లు పెట్టాడు."

బచీచా రేవు మనుషుల్లో నెరిసిన మీసాలాయన వైపు తిరిగి, రేవు వాళ్ళందరికీ వచ్చే అరకొర ఇటాలియనులో అడిగాడు, రాత్రికి పిరేయస్ వెళ్ళే పడవ ఉందా అని. ఆయన పది వేళ్ళు చూపించాడు. పదింటికి.

"గుర్తింపు కార్డులు తెచ్చావా?"

"ఇద్దరివీ సంచిలోనే ఉన్నాయి. ఎందుకు?"

"నాన్నా," అంది ఒర్నెల్లా అనుమానంగా, "ఏం చెయ్యబోతున్నావు?"

"నువ్వెక్కమ్మా. డబ్బు పెట్టావు, కడదాకా వెళ్ళు. పొద్దున పిరేయస్‌లో కలుద్దాం."

"నీకు మతి పోయిందా? ఐదు రోజులు బతిమాలితే దిగనివాడివి, ఇప్పుడు ఎక్కనంటావా? మీ ఇద్దరితో నేను..."

అధికారి ఆవిడ మోచెయ్యి పట్టుకుని మర్యాదగా పైకి తీసుకెళ్ళాడు. వెనకే వంతెన లేచింది. ఆవిడ చివరి మాట ఏమిటో గట్టు మీదికి వినపడలేదు. వినపడకపోవడమే మంచిదైంది.

బచీచా గుంజ దగ్గరికి నడిచాడు. మీసాలాయన ఆ చేతుల వంక చూశాడు, అరచేతుల కాయలు చూశాడు. పక్కకి తప్పుకున్నాడు. పైనుంచి మోకు వదులు చేశారు. బచీచా వంగి, మోకు కొస ఎత్తి, గుంజ తల మీంచి తప్పించి నీళ్ళలోకి వదిలేశాడు.

ఒర్నెల్లా పై అంతస్తుకి వచ్చేసరికి ఓడకీ గట్టుకీ మధ్య రెండు బారల నీళ్ళున్నాయి. నాన్నకి అమ్మకంటే తాళ్ళే ఎక్కువని చిన్నప్పటి నుంచీ నమ్మింది. అమ్మ తరఫున ఎన్నిసార్లు ఆయనతో పోట్లాడిందో! కిందటి ఐదు రోజుల్లోనే ఎన్నిసార్లో! ఆయన ఆ ఎండలో తమ కోసం కాపలా నిలబడితే, తను రోడ్స్ నుంచి తిరిగొస్తూ 'నీకు తాళ్ళుంటే చాలు, మేమెందుకు?' అన్న మాట గుర్తొచ్చింది. కటకటాల మీద తల ఆనించి ఏడ్చేసింది. అంతలోనే అసలు సంగతి తట్టింది.

"నాన్నా! మాత్రలు! రాత్రి వేసుకునే రక్తపోటు మాత్రలు గదిలోనే ఉన్నాయి! నాన్నా! ఇటు చూడు!"

బచీచా ఓడకి వీపు పెట్టి నడుస్తున్నాడు. మొదటి నాలుగడుగులు తడబడ్డాయి. యోలే ఆయన చెయ్యి తన చంకలోకి లాక్కుంది. అక్కణ్ణుంచి అడుగులు సర్దుకున్నాయి. కోట ద్వారం దాకా ఆయన ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఒర్నెల్లా మళ్ళీ పిలవడానికి నోరు తెరిచి, పిలవకుండా ఊరుకుంది.