దొరగారి పథ్యం

తెల్లవారి కిటికీ తెరవగానే కోట్లమ్మకి నల్లకోటు మీద తెల్లవెంట్రుక కనిపించింది.

గోళ్ళతో పట్టి లాగింది. రాలేదు. పొట్టి వెంట్రుక, సూదిలా గుడ్డలోకి దిగిపోయింది. దులిపితే పోదు, బ్రష్షుకి లొంగదు. పట్టకారుతో పీకి, వెలుతురులో ఎత్తి చూసి, ఛీ అనుకుంది.

లాయర్లకి నల్లకోట్లు కుట్టడం ఆవిడ వృత్తి. ఆ పేరు అలా వచ్చిందే. కోట్లు కుట్టే మనిషే తప్ప కోట్లున్న మనిషి కాదని కొత్తవాళ్ళకి కొడుకే నవ్వుతూ చెబుతుంటాడు. నల్లగుడ్డ మీద బతికే ఇంట్లోకి ఏడాదంతా తెల్లబొచ్చు రాల్చే కుక్కని వెంటబెట్టుకుని కోడలు కాపురానికొచ్చింది. కోట్లమ్మ దృష్టిలో అంతకంటే బుద్ధితక్కువ పని ఈ లోకంలో ఇంకొకటి లేదు.

"లేచారా దొరగారూ?" అంది గుమ్మం వైపు తిరిగి. "తమరి బొచ్చుతో నా కోటుని అలంకరించారు. చాలా సంతోషం."

గుమ్మంలో డాల్మేషియన్ నిలబడి ఉంది. తెల్లటి ఒంటి మీద ఎవరో సిరా విదిల్చినట్టు చుక్కలు. అది ఆవిణ్ణి చూసి పైపెదవి ఎత్తి పళ్ళన్నీ బయటపెట్టింది.

"చూశావా? నా ఇంట్లో నన్నే వెక్కిరిస్తోంది!"

"నవ్వుతున్నాడు అత్తయ్యా." కోడలు బూట్ల తాళ్ళు బిగించుకుంటూ అంది. బడిలో పిల్లలకి పరుగుపందాలు నేర్పే ఉద్యోగం ఆమెది. "ఈ జాతిలో కొన్ని ఇష్టమైనవాళ్ళని చూస్తే అలాగే పళ్ళు చూపిస్తాయి."

"నేనంటే ఇష్టమా? కర్మ."

"వీడికి రెండుపూటలా పరుగు ఉండాలి. లేకపోతే ఇల్లు పీకేస్తాడు. గుర్రబ్బండి పక్కన పరిగెత్తడానికి పెంచిన జాతి."

"మరి బండేది? గుర్రానివి నువ్వేనా?"

వంటింట్లోంచి కొడుకు కిసుక్కున నవ్వాడు. పెళ్ళాం చూపు పడగానే ఆ నవ్వుని కాఫీతో కలిపి మింగేశాడు. ఇంట్లో అతని పాత్ర అంతే.

కోడలు బయల్దేరుతూ ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది. "గిన్నెలో నీళ్ళు అయిపోకుండా చూడండి. కార్జం లాంటివి మాత్రం వద్దు. ఆ తిండి అన్ని కుక్కలకీ అరిగినట్టు వీడికి అరగదు. మూత్రంలో రాళ్ళు కడతాయి."

"కుక్కకి పథ్యం! బాలింతలకి కూడా ఇంత వైభోగం లేదమ్మా."

తలుపు మూసుకుంది. కోట్లమ్మ కిటికీలోంచి కోడలు వీధి మలుపు తిరిగేదాకా చూసింది. తర్వాత ఫ్రిజ్ తెరిచి, అడుగు అరలో కూరగాయల సంచి వెనక దాచిన డబ్బా తీసింది.

అందులో ఉడికించిన కార్జం ముక్కలు.

దాని మీద జాలిపడి కాదు. కోడలు ఒక్క ఈల వేస్తే ఆ కుక్క కొండెక్కమన్నా ఎక్కుతుంది. కోట్లమ్మ గొంతు చించుకున్నా చెవి కదపదు. అందుకే కోడలు బడికెళ్ళిన ప్రతి పూటా, కొన్ని నెలలుగా, ఈ డబ్బా నడుస్తోంది. నియమాలు రాసేది నువ్వయితే, తిండి పెట్టే చెయ్యి నాది. ఏదో ఒక రోజు నువ్వు ఈల వేస్తుంటే ఇది నా కాళ్ళ దగ్గర పడుకుని తోక ఊపాలి. నీ మొహం అప్పుడు చూడాలి.

"తమరి ఫలహారం, దొరగారూ."

కుక్క వాసన చూసి మొహం తిప్పుకుంది.

"ఓహో, మోజు తీరిపోయిందా?"

అది తిన్నగా ఆవిడ కత్తిరింపు బల్ల దగ్గరికి నడిచింది. బల్ల కాలి పక్కన నిలబడి కాలెత్తింది. ఏమీ రాలేదు. అటు తిరిగి మళ్ళీ ఎత్తింది. చివరికి రెండు చుక్కలు, సాయంత్రం ఇవ్వాల్సిన, బల్ల మీంచి వేలాడుతున్న కోటు అంచు మీదే పడ్డాయి.

కోట్లమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"తిండి నచ్చకపోతే కోటు పాడుచేస్తావా! ఎంత పొగరు! మీ అమ్మగారి పోలికే!"

మెడపట్టీ పట్టి ఈడ్చుకెళ్ళి స్నానాలగదిలో తోసి గడియ పెట్టింది. అది మూలిగింది. ఆవిడ మిషను జోరు పెంచింది. మధ్యాహ్నానికి మూలుగు ఆగింది. బుద్ధొచ్చిందనుకుని తృప్తిపడింది.

సాయంత్రం కోడలు వచ్చేసరికి ఆవిడ యుద్ధానికి సిద్ధంగా కూర్చుంది. కొడుకు కూడా అప్పుడే వచ్చాడు, పాపం.

"వాడేడీ?" కోడలు చుట్టూ చూసింది.

"లోపలేశా. కోటు మీద పోసింది, కావాలని. ఇవాళ తేలిపోవాలి. ఈ ఇంట్లో అదైనా ఉండాలి, నేనైనా ఉండాలి."

"అమ్మా, నిదానంగా..."

"నువ్వు నోరుమూసుకో. నోరు తెరవాల్సినప్పుడు ఎలాగూ తెరవ్వు."

కోడలి మొహం ఎర్రబడింది. "వాడు పోతే నేనూ పోతాను అత్తయ్యా. మీకు కావాల్సింది అదేగా? కుక్క పేరు చెప్పి నన్ను తిట్టడం నాకు అర్థం కాదనుకున్నారా?"

"అర్థమైతే మంచిదే. నాకు పని తగ్గింది."

కోడలు విసురుగా వెళ్ళి గడియ తీసింది. కుక్క పరిగెత్తుకు రాలేదు. నేల మీద వీపు వంచి నిలబడి వణుకుతోంది. కాలెత్తబోయి తూలింది. కింద ఒకే ఒక్క చుక్క పడింది. ఎర్రగా.

"పొద్దున్నుంచీ ఇలాగే ఉన్నాడా?" కోడలి గొంతు మారిపోయింది. "అత్తయ్యా, మిమ్మల్నే! మూత్రం పోశాడా లేదా?"

కోట్లమ్మకి పొద్దుటి కోటు అంచు గుర్తొచ్చింది. రెండు చుక్కలు. రెండే.

ముగ్గురూ దాన్ని మోసుకుని కుక్కల ఆసుపత్రికి పరిగెత్తారు. అక్కడ డాక్టరమ్మ పొట్ట నొక్కి చూసి మొహం చిట్లించింది. "బిగిసిపోయింది. మూత్రం అడ్డుపడింది. ఇంకాస్త ఆలస్యమైతే ప్రాణమే పోయేది. పొద్దున్నుంచీ ఇది మెలికలు తిరుగుతుంటే ఇంట్లో ఒక్కరికీ కళ్ళు లేవా? చుక్కలు బావున్నాయని తెచ్చుకుంటారు. పెంచడం మాత్రం తెలుసుకోరు."

ఆవిడ ఎక్స్‌రే తీయించి వెలుగు పలక మీద పెట్టి చూసింది. "ఇందులో రాయి కనబడట్లేదు. ఈ జాతికొచ్చే రాళ్ళు చాలావరకు మామూలు ఎక్స్‌రేకి దొరకవు. అవేనా, వేరేవా అన్నది తిండిని బట్టి కొంత అంచనా వెయ్యొచ్చు. కార్జం పెడుతున్నారా?"

"లేదండీ," కోడలు ఠక్కున అంది. "ఒక్క ముక్క కూడా."

"మీరు లేనప్పుడు ఇంట్లో ఎవరైనా?"

కోడలు కళ్ళు తుడుచుకుంది. "ఇదిగో, మా అత్తగారుంటారు. ఆవిడకి వీడంటే గిట్టదు. కానీ దొంగచాటుగా ఏదీ చెయ్యరు. తిట్టాలనుకుంటే నిలబెట్టి తిడతారు. ఆవిడ గురించి ఆ మాట అడక్కండి."

కోట్లమ్మని చెంప మీద కొట్టినా అంత తగిలేది కాదు.

పొద్దున్నుంచి ఆవిడ కోడల్ని ఎన్ని మాటలంది! పొగరంది, పొమ్మంది. ఆ పిల్ల మాత్రం పరాయివాళ్ళ ముందు తనకి కాపలా కాస్తోంది. అదీ తనలో లేని నిజాయితీకి. జీవితమంతా ఎదుటివాళ్ళని చీదరించుకున్న మనిషికి, మొదటిసారి తనని చూసి తనకే రోత పుట్టింది.

"పెట్టాను," అంది.

కోడలు తల తిప్పింది.

"కార్జం. నెలల తరబడి. నువ్వు వద్దన్నావనే పెట్టాను. వాడు నీ మాట వినకుండా చెయ్యాలని పెట్టాను. డబ్బా కూరగాయల వెనక దాచాను." కుక్క వైపు చూసింది. "ఇవాళ పొద్దున వాడు బల్ల దగ్గరకొచ్చి నాకు చూపించాడమ్మా. నేనేమో పొగరనుకుని గడియ పెట్టాను."

కొడుకు గోడకి చేరగిలబడ్డాడు. డాక్టరమ్మ మాత్రం, "ఇప్పుడైనా చెప్పారు," అని గొట్టం తెమ్మని లోపలికి కేకేసింది.

కుక్కని ఎత్తి బల్ల మీద పడుకోబెట్టారు. కోట్లమ్మ దాని తల పట్టుకుంది. కోటు చేతి మీద రాలిన తెల్లవెంట్రుకల్ని పీకే వేళ్ళతోనే దాని చెవి నిమిరింది.

"ఒరేయ్," అంది. "ఒరేయ్ వెధవా. ఉండరా. చచ్చిపోకురా."

కోడలు అది విన్నది. ఇన్నాళ్ళుగా దొరగారూ, తమరూ అంటూ చీత్కరించిన నోట్లోంచి, మొదటిసారి, ఒరేయ్.

గొట్టంతో నెట్టగానే రాయి వెనక్కి జరిగింది, మూత్రానికి దారి తెరుచుకుంది. కొన్నాళ్ళు ఆసుపత్రిలో ఉండాలన్నారు. బయటికొచ్చాక కోట్లమ్మ కోడలి చెయ్యి పట్టుకోబోయింది. కోడలు వెనక్కి తీసుకుంది.

"ఇవాళ నాతో మాట్లాడకండి అత్తయ్యా. నా వల్ల కాదు." నాలుగడుగులు నడిచి ఆగింది. "వాడొచ్చేలోగా నీళ్ళగిన్నెలన్నీ తోమి పెట్టండి."

కోట్లమ్మ ఆ రాత్రే తోమింది, కళ్ళనీళ్ళు కూడా అందులోనే కలిశాయి.

కుక్క ఇంటికొచ్చిన తర్వాత ఒక ఉదయం, లాయరొకాయన కొత్త కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటూ భుజం దగ్గర ఆగిపోయాడు.

"ఏమిటమ్మా ఇది, తెల్లవెంట్రుక?"

"మా చిన్నోడిది. ఇబ్బందైతే విప్పి పెట్టి వెళ్ళండి."

అలికిడికి కుక్క బల్ల కింద నుంచి లేచింది. కోట్లమ్మని చూసి పెదవెత్తి పళ్ళన్నీ బయటపెట్టింది. లాయరు బెదిరి వెనక్కి జరిగాడు.

"కరుస్తుందా?"

కోట్లమ్మ ఆయన్ని కిందనుంచి పైదాకా చూసింది. "నవ్వుతున్నాడండీ. అంత చదివారు, అదీ తెలీదా?"

వంటింట్లో కోడలు బయటికి వినబడేలా నవ్వింది. కోట్లమ్మ వినబడనట్టు నటించి గిన్నె నిండా నీళ్ళు పోసింది.

"తాగరా ఒరేయ్. మీ అమ్మ చూస్తోంది."