కిష్టమ్మ ఇంజన్

ఆ రెండో శనివారం పొద్దున్నే భార్య రోహిణి పులిహోర కలుపుతుంటే, రవీందర్ వాకిట్లోని రేకుల షెడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. షెడ్డులో డీజిల్ ఇంజన్ ఉంది. భర్త చనిపోయిన ఏడాది రవీందర్ తల్లి కిష్టమ్మ దాన్ని బాలానగర్‌లో పాతది చూసి కొనుక్కొచ్చింది. ఖాజాగూడలో రోజూ పది గంటలకు కరెంటు పోతే మళ్లీ రెండుకే రావడం. ఆ నాలుగు గంటలూ ఆ గల్లీలో ముప్పై ఇళ్లకు, పిండి గిర్నీకి, చివరనున్న టీకాల గదిలోని ఫ్రిజ్‌కు కిష్టమ్మే వైర్లు లాగి కరెంటు ఇచ్చేది.

రవీందర్ మాదాపూర్‌లో కొత్తగా లేచిన అద్దాల భవనంలో ఎలక్ట్రికల్ సూపర్‌వైజర్. అక్కడ కంప్యూటర్లకు రెప్పపాటు కూడా కరెంటు పోకూడదు. అతని మేనేజర్ పట్టాభిరామయ్య ఆ రోజు మధ్యాహ్నం భోజనానికి వస్తానన్నాడు. ఆ పొగ, ఆ మోత, మసి చీరలో తల్లి... తలచుకుంటేనే రవీందర్‌కు తల కొట్టేసినట్టుంది.

"అమ్మా, రేపు ఒక్కరోజు ఇంజన్ బంద్ పెట్టరాదే" అని ముందు రోజే అడిగాడు.

"ఎట్ల పెడతరా? టీకాల మందు చల్లగుండాలె. పసిపోరలది" అంది కిష్టమ్మ.

అందుకే ఆ పొద్దున ఆమె స్నానానికి వెళ్లినప్పుడు ఇంజన్‌కు డీజిల్ పోయే పైపు విప్పి, బీరువాలో చొక్కాల కింద దాచాడు. ఆమె బయటికి రాగానే, "పైపు పగిలిందే. పారేసిన. బాలానగర్ పోయి కొత్తది తెస్తవా? మా సార్ వస్తుండు, నాకు పోవుడు కాదు" అన్నాడు.

కిష్టమ్మ వెంటనే బస్సెక్కింది. బస్సు కదిలాక అతనికి గుండెల్లో బరువు దిగినట్టనిపించింది. అలా అనిపించినందుకే కొంచెం సిగ్గేసింది కూడా.

పన్నెండున్నరకు పట్టాభిరామయ్య వచ్చాడు. ఫ్యాను తిరగడం లేదు. రోహిణి వడ్డించి, అతనికి విసనకర్ర తెచ్చిచ్చింది.

"పర్లేదండి, పులిహోర చాలా బావుంది. అవునూ, మీ వీధిలో ఎవరిదో జనరేటర్ లైను ఉందని విన్నానే?"

"అది... ఇయ్యాల ఖరాబైంది సార్" అన్నాడు రవీందర్, తల దించుకుని.

సరిగ్గా అప్పుడే కిష్టమ్మ వగరుస్తూ గుమ్మంలోకి వచ్చింది. చేతిలో కాగితం చుట్టిన పైపు, కాళ్ల నిండా దుమ్ము.

"ఎవరండీ?" అన్నాడు పట్టాభిరామయ్య.

రవీందర్ విస్తరిలో పులిహోర కెలికాడు. కిష్టమ్మ కొడుకు ముఖం ఒక్కసారి చూసింది.

"ఇంజన్ నడిపేదాన్ని సార్" అని షెడ్డులోకి వెళ్లిపోయింది.

రోహిణి వంటింటి గుమ్మంలో భర్తనే చూస్తూ నిలబడిపోయింది. రవీందర్ విస్తరి ముందు నుంచి లేవలేకపోయాడు.

ఇంతలో టీకాల గది నర్సు రాజరాజేశ్వరి దబదబా షెడ్డు దగ్గరికి వచ్చింది. "కిష్టమ్మా, ఎంత పనైంది! ఫ్రిజ్ ముందే పాతది, మందు వేడెక్కింది, పారబొయ్యాలె. పదకొండు మంది పిల్లల్ని వాపస్ పంపిన. తల్లులు ఎండల నడిసొచ్చిన్రు!"

"తప్పు నాదే మేడం. ఇంజన్ మంచిగ చూసుకోలేదు" అంది కిష్టమ్మ.

ఆ మాటతో రవీందర్ ఎంగిలి చేత్తోనే లేచాడు. బీరువాలోంచి పైపు తీసుకుని షెడ్డు ముందుకొచ్చాడు. పట్టాభిరామయ్య కూడా అతని వెనకే గుమ్మం దాకా వచ్చాడు.

"మేడం, ఇంజన్ ఖరాబ్ కాలేదు. పైపు నేనే ఇప్పిన. సార్ ముంగట ఇజ్జత్ పోతదని. ఈమె మా అమ్మ సార్."

పట్టాభిరామయ్య చేయి కడుక్కుని, కిష్టమ్మకు నమస్కారం పెట్టి, రవీందర్ వైపు చూడకుండానే వెళ్లిపోయాడు.

"బస్సెక్కినంక యాదికొచ్చింది బిడ్డా" అంది కిష్టమ్మ మెల్లగా. "పైపు పగిలితే కింద డీజిల్ కారాలె. మట్టి పొడిగుండె. నేనింట్ల లేకుంటే మంచిగుంటదని చెప్తే, నేనే యాడికన్న పోయేదాన్ని గద. ఆ పోరలేం జేసిన్రు?"

ఆమె కోప్పడి ఉంటే బాగుండేదనిపించింది రవీందర్‌కు. పైపు బిగించి ఇంజన్ తిప్పాడు. నర్సు రాసిచ్చిన చీటీ పట్టుకుని స్కూటర్ మీద పెద్ద దవాఖానకు వెళ్లి, మంచుపెట్టెలో కొత్త మందు తెచ్చాడు. తర్వాత పిల్లల పేర్ల కాగితం తీసుకుని గడపగడపకూ బయల్దేరాడు.

ప్రతి గడప ముందూ ఒకటే మాట చెప్పాడు. "నేను కిష్టమ్మ కొడుకును. నా వల్లనే మందు ఖరాబైంది. జర మళ్ల రండ్రి." ఒకామె తలుపు మూసేసింది. చంద్రమ్మ అనే ముసలామె మనవణ్ణి చంకనేసుకుని, "సదువుకున్నోడివి, గిదేం బుద్ధిరా?" అని నిలదీసింది. అతను తల వంచుకుని అంతా విన్నాడు.

ఎనిమిదో ఇంటి మెట్లు దిగేసరికి గల్లీ మలుపులో కిష్టమ్మ నిలబడి ఉంది.

"ఇంకెన్ని ఇండ్లున్నయిరా?"

"మూడే. నువ్వెందుకే? తప్పు నాది."

"తప్పు నీదే. నువ్వు నావోనివి గద. పా, నేను గూడ వస్త."

రవీందర్ గోడకు ముఖం తిప్పుకుని, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. కిష్టమ్మ అతని ఏడుపు తగ్గేదాకా ఆగింది. ఆ తర్వాత ఇద్దరూ తొమ్మిదో ఇంటి తలుపు కొట్టారు.