మాట్లాడితేనే గెలిచే ఆట

"ఇద్దరూ మాట్లాడుకోకపోతే గెలవలేని ఆట ఏదైనా ఉందాండీ?"

హేమంత్‌కుమార్ చేతిలో స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి తలెత్తాడు. గొడుగు ముడవడం రాక దానితో కుస్తీ పడుతూ ఒకమ్మాయి షాపు గుమ్మంలో నిలబడి ఉంది. వర్షం సగం బయట, సగం ఆమె చున్నీ మీద.

ఏలూరు పవర్‌పేటలో వాళ్ళ నాన్న సత్యనారాయణమూర్తిగారిది టీవీలు, మిక్సీల షాపు. అందులో ఓ మూలనున్న అద్దాల బీరువా మాత్రం హేమంత్‌ది. దాని నిండా వీడియో గేమ్ డిస్కులే. వారానికి అద్దెకిస్తాడు. అయితే అడిగిందల్లా ఇచ్చేసే రకం కాదు. డాక్టరు నాడి చూసినట్టు మనిషిని నాలుగు ప్రశ్నలడిగి, ఎవరికి ఏ ఆట నప్పుతుందో తనే చెబుతాడు. కైకలూరులో చేపల మేత కొట్టు నడిపే గోపీచంద్ అంత దూరం నుంచి వచ్చేది ఆ మాట కోసమే.

"ఎవరెవరు ఆడతారండీ?"

"ఇంట్లో ఉండేది మేమిద్దరమే. నెల రోజులుగా మాటల్లేవు. మా తమ్ముడు హైదరాబాద్ వెళ్తూ వాడి గేమ్ బాక్స్ వదిలేసి వెళ్ళాడు. దాంతో ఏమైనా అవుతుందేమోనని."

"ఆ రెండోవారికి కోపం ఎక్కువాండీ?"

"కోపం వస్తే తిట్టెయ్యొచ్చుగా. అదీ చెయ్యరు."

ఆ రెండోవారెవరని అతను అడగలేదు. ఇల్లు, ఇద్దరు, అలక. ఇంకెవరుంటారు, మొగుడే. పాపం, ఇంత చిన్న వయసులో అనుకున్నాడు. అలా అనుకున్నప్పుడు గుండెలో ఎందుకు కలుక్కుమందో అతనికి అప్పుడే తెలియలేదు.

ఆమె పేరు సింధూరి. ఊరు తాడేపల్లిగూడెం పక్కన పెంటపాడు. ఏలూరులో ఓ కాలేజీలో లెక్కలు చెబుతుంది. రోజూ గూడెం నుంచి రైల్లో వచ్చి వెళ్తుంది.

మొదటి వారం వంట ఆట ఇచ్చాడు. ఒకరు తరగాలి, ఒకరు వండాలి. "ఉప్పు, కారం అని అరుచుకోకుండా కుదరదండీ" అని హామీ ఇచ్చాడు.

శనివారం ఆమె డిస్కు తిరిగిచ్చింది. "ఉల్లిపాయలు మాడిపోయాయి. వంటిల్లు తగలబడింది. ఆ మనిషి చూసి లేచి వెళ్ళిపోయారు."

రెండో వారం కారు రేసు.

"ఎడమ పక్కనే, ఇరవై స్పీడులో నడిపారండీ. మలుపు దగ్గర హారన్ బటన్ కోసం వెతికారు."

"హారన్ ఎక్కడని అడగలేదా?"

"అడిగితే ఇంకేం!"

ఇద్దరికీ నవ్వాగలేదు. రైలుకి ఇంకా గంట టైముంది. ఆమె స్టూలు మీద కూర్చుని, ఆ బీరువాలో ఏముందో ఒక్కొక్కటీ అడిగింది. కత్తియుద్ధాల ఆట కోపిష్ఠివాళ్ళకి మంచిదన్నాడు. దయ్యాల ఆట ఒంటరిగా ఉండేవాళ్ళకి ఇవ్వనన్నాడు. పాడుబడిన నగరంలో ఊరికే తిరుగుతూ ఉండే ఆట ఒకటుంది, ఈ మధ్య ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళకి అదిస్తానన్నాడు.

"అందులో గెలవడం ఉండదా?"

"ఉండదండీ. కాసేపు నడిచి వస్తారంతే."

ఆమె అతన్ని కొత్తగా చూసింది. ఆ చూపు తర్వాత హేమంత్ ఆ రోజు బాగు చేసిన మిక్సీ వెనక్కి తిరగడం మొదలెట్టింది. "ఏరా, కళ్ళు ఎక్కడ పెట్టుకుని బిగించావు?" అని సత్యనారాయణమూర్తిగారు తిట్టారు.

మూడో వారం పజిల్ ఇచ్చాడు. దారి ఒకరికి కనబడుతుంది, తలుపు రెండోవారికి. చెప్పుకోకపోతే అడుగు ముందుకి పడదు.

"దాదాపు గెలిచామండీ" అంది సింధూరి. "కానీ ఆయన చేత్తో సైగలు చేశారు. ఎడమకి ఇలా, కుడికి ఇలా." ఆమె నవ్వబోయి ఆగిపోయింది. కళ్ళలో నీళ్ళు. "అన్నం పెట్టుకుని తినేటప్పుడు ఎదురుగా కూర్చుంటాం. కూర ఎలా ఉందో కూడా చెప్పరు. ఈ వారం ఏదైనా ఒకటి పని చేస్తే చాలండీ. ఇంక మిమ్మల్ని విసిగించను."

ఇంక విసిగించను. అంటే ఇంక రాదు. మంచి ఆటిస్తే ఆమె సంసారం బాగుపడుతుంది, శనివారాలు పోతాయి. చేతిలో ఆమెకి నిజంగా పనికొచ్చే ఆటొకటి ఉంది. దాన్ని వెనక్కి పెట్టి, కింది అరలోంచి వ్యవసాయం ఆట తీశాడు. బీరువా మొత్తం మీద అంత చెత్త ఆట లేదు. తీసుకెళ్ళినవాళ్ళంతా మర్నాడే తెచ్చి పడేశారు.

"ఇది చాలా బాగుంటుందండీ" అన్నాడు.

ఆటల విషయంలో అతను అబద్ధం చెప్పడం అదే మొదలు. ఆమె నమ్మకంగా డిస్కు సంచిలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆమె అలా నమ్మడమే అతనికి వారమంతా అన్నం సయించకుండా చేసింది. రిజిస్టర్లో ఫోన్ నంబరుంది. చెయ్యాలనుకుంటాడు, పేరు చూసి మూసేస్తాడు.

ఆ శనివారం ఆమె రాలేదు. మరో వారానికి గానీ రాలేదు. వచ్చినప్పుడు పక్కన అరవై ఏళ్ళ మనిషి ఉన్నాడు. పంచె, తెల్ల చొక్కా, చంకలో గొడుగు.

"ఈ ఆట ఇచ్చింది మీరేనా బాబూ?" అన్నాడాయన, డిస్కు బల్ల మీద పెడుతూ.

"మా నాన్నగారండీ, వెంకటరత్నంగారు" అంది సింధూరి. "నేనిన్నాళ్ళూ ఆడింది ఈయనతోనే."

మొగుడు లేడు. ఉన్నది నాన్న!

"ఎవరు చేశారయ్యా ఇది?" వెంకటరత్నంగారు మొదలెట్టారు. "ఆకుమడి లేదు, ఊడ్పులు లేవు, గింజ విసిరితే మూడు రోజులకి పంట! పోనీ అనుకుందాం. కోతలకి చేలో నీళ్ళు తీయొద్దూ? మోకాల్లోతు నీళ్ళలో కోత మిషన్ దింపుతోంది మా అమ్మాయి. ఎంతకని ఊరుకోను? 'నీళ్ళు తియ్యవే పిచ్చి మొహమా' అని అరిచేశాను."

"రెండు నెలల తర్వాత అదే మొదటి మాటండీ" అంది సింధూరి. ఆ తిట్టు తలుచుకుంటే ఇప్పటికీ ఆమె ముఖం వెలిగిపోతోంది.

"ఆ తర్వాత మూడు రోజులు కూర్చుని దాంట్లో తప్పులన్నీ ఏకరువు పెట్టాను" అన్నారాయన. గొంతు కాస్త తగ్గింది. "చెబుతూ చెబుతూ ఉంటే నా తప్పు కూడా వచ్చింది బాబూ. గూడెంలో రైస్ మిల్లు వాళ్ళకి పిల్లనిస్తానని మాటిచ్చి వచ్చాను, దీన్ని అడక్కుండా. తాంబూలాల రోజు పొద్దున్న ఇది కాదంది. అందరి ముందూ తల దించుకునేలా చేసిందని నేను మాటలు మానేశాను. నేను అడిగి ఉంటే ఆ పొద్దున్న ఉండేదే కాదు. మంచి ఆట ఇచ్చారు."

ఆ మెప్పు పుచ్చుకుని ఊరుకోవచ్చు. హేమంత్ ఊరుకోలేకపోయాడు.

"మంచి బుద్ధితో ఇవ్వలేదండీ" అన్నాడు. "మా దగ్గరున్న వాటిలో అదే చెత్త ఆట. ఇంట్లో ఉన్నది ఈవిడ భర్తగారనుకున్నాను. రాజీ పడితే ఈవిడ మళ్ళీ రారని, కావాలనే ఇచ్చాను."

వెనకాల సత్యనారాయణమూర్తిగారు టీవీ సౌండు తగ్గించారు.

"ఆ వారం నేను ఎంత ఆశగా తీసుకెళ్ళానో తెలుసా మీకు?" అంది సింధూరి.

"తెలుసండీ. అందుకే ఫోన్ చెయ్యలేకపోయాను."

ఆమె అతని ముఖంలోకి చూసింది. కోపం ఉంది, అది నిజమే. కోపం వెనకాల ఇంకేదో ఉంది, అదీ నిజమే.

"అన్ని ఆటల గురించీ చెబుతారుగా, ఎవరికి నప్పుతాయో, ఎవరికి నప్పవో. మీ గురించి చెప్పండి. ఈసారి అబద్ధం లేకుండా."

"తొందరగా తేలాలనుకునేవాళ్ళకి నేను నప్పనండీ. మనసులో మాట నాలుగు వారాలైనా బయటికి రాదు. అసూయ ఉంది, ఈ మధ్యే బయటపడింది. తప్పు చేస్తే దాచుకుని కూర్చోలేను. ఎవరైనా దిగులుగా వస్తే వాళ్ళకి ఏం కావాలో వెతకడం ఒక్కటే నాకు బాగా వచ్చు. మీరు రాని శనివారం మాత్రం నాకేం కావాలో వెతుక్కోనక్కర్లేకపోయింది."

సింధూరి తల దించుకుంది. చున్నీ కొసని వేలికి చుట్టింది, విప్పింది, మళ్ళీ చుట్టింది.

వెంకటరత్నంగారు కూతుర్ని చూశారు, అతన్ని చూశారు. ఏదో అనబోయారు. షాపు వాళ్ళ కుర్రాడు, మన ఊరు కాదు, మన పని కాదు, అన్నీ ఆయన ముఖం మీదికి వచ్చాయి. వాటన్నిటినీ మింగేసి, కుర్చీ లాక్కుని కూతురికి ఎదురుగా కూర్చున్నారు.

"నీకు ఇష్టమేనామ్మా?" అని అడిగారు.

ఆ ప్రశ్న కోసం ఆమె రెండు నెలలు కాదు, ఇరవై ఆరేళ్ళు ఎదురు చూసింది. తల ఊపి ఊరుకోలేదు.

"ఇష్టమే నాన్నా" అంది, అందరికీ వినపడేలా.