సంతకు పోయిన వంకాయలు

రామక్క పొద్దున్నే జొన్నరొట్టెలు తడుతూ ఉండగా ఇంటి ముందు ట్రాక్టర్ ఆగింది. "వంగతోట దున్నేకి రమ్మన్నాడు కదమ్మా కోదండరామప్ప!" అని యల్లేష్ సీటు మీదినుంచే కేకేశాడు.

దున్నడమా! పువ్వూ పిందెతో ఉన్న తోటనా! రామక్క రొట్టె పెనం మీదే వదిలేసి బయటికి వచ్చింది. భర్త కోదండరామి కాఫీ గ్లాసులోంచి తల ఎత్తలేదు. పక్కనే కొడుకు విక్రమ్ ల్యాప్‌టాప్ తెరిచి కూర్చున్నాడు. బెంగళూరులో చదివి వచ్చి, తోటల మీద డ్రోన్ ఎగరేసి దిగుబడి ముందే చెప్పే పని పెట్టుకున్నాడు.

"ఎవుర్నడిగి దున్నిస్తాండారు?"

"డ్రోన్ చెప్పిండాది మే. ఈ తూరి ఎకరాకు రావాల్సిన దిగుబడిలో సగం కూడా రాదంట. పీకేసి మిరప పెడదాం," అన్నాడు కోదండరామి.

"ప్రతి చెట్టూ ఫోటోలో చూసినా మా. మెషిన్ ఊరికే చెప్పదు," అన్నాడు విక్రమ్.

రామక్కకు ఒళ్లు మండిపోయింది. నారు పోసిన నాటి నుంచి నడుము వంచి చాకిరీ చేసేది తను. పది నిమిషాలు పైన తిరిగిపోయిన దానికున్న విలువ ఈ ఇంట్లో తనకు లేదు.

"దానికి కాయల సంగతి నేర్పించిందెవురప్పా?"

"నేనే. పోయినేడు ఇదే తోట ఫోటోలు తీసింటి కదా. అప్పుడొచ్చిన దిగుబడి వాటికి జతచేసి నేర్పించినా. చెట్లు ఇట్లుంటే కాయలు ఇన్నొస్తాయని దానికి తెలుస్తాది."

"ఆ దిగుబడి నీకెవురు చెప్పినారు?"

"నాయన."

రామక్క భర్త వైపు తిరిగింది. "ఏం చెప్పినావు?"

"బళ్ళారి మార్కెట్‌కు లారీలో పోయిన మూటలు. ఇంకేముండాది చెప్పేకి?"

"వారం వారం నేను చోరనూరు సంతకు మోసిన బుట్టలు? అవి వంకాయలు కావా?"

"ఆడోళ్ల చిల్లర యాపారం. అది గూడా లెక్కనా?"

"చిల్లరనా! సగం కాపు నా నెత్తిమీదనే పోయింది! ఎప్పుడన్నా తోటలోకొచ్చి చూసినావా? నేను మోసిందానికి లెక్క లేదు గానీ, నేను పెంచిన చెట్లు పీకేకి లెక్కలు తీస్తారా?" రామక్క విసవిసా వెళ్లి ట్రాక్టర్‌కు అడ్డంగా నిలబడింది. "యల్లేషప్పా, బండి తిప్పుతావా, నా మీద తోలుతావా?"

విక్రమ్ ముఖం పాలిపోయింది. లెక్క తప్పకూడదని కెమెరా చూశాడు, ఎండ చూశాడు, నెలరోజులు అన్నీ సరిచూసుకున్నాడు. అమ్మను అడగాలన్న ఊహే రాలేదు. సిగ్గుతో చచ్చిపోయినట్టయింది.

"తప్పు మెషిన్‌ది కాదు నాయనా," అన్నాడు మెల్లగా. "మనం దానికి నేర్పిందే సగం."

కోదండరామి కాఫీ గ్లాసు కింద పెట్టాడు. లేచి వెళ్లి, యల్లేష్‌ను పొమ్మని చెయ్యి ఊపాడు.

విక్రమ్ తల్లి దగ్గరకొచ్చాడు. "మా, మొదటి కోత నుంచి చెప్పు, రాసుకుంటా. ఏ సంతకు ఎన్ని బుట్టలు?"

అంతసేపూ నిప్పులు చెరిగిన రామక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుని భోరుమంది.

"ఇరవై రెండేండ్లాయ నాయనా ఈ తోటలో," అంది వెక్కుతూ. "నన్ను అడిగినోడివి నువ్వే."