చేదు పూసిన ఖర్జూరాలు

1942 డిసెంబరు 8, మంగళవారం, ఉదయం ఆరున్నర గంటలకు శాలిబండలోని ఒక ఇంటి వంటగదిలో సక్కుబాయి ఎడమకాలు బొగ్గుల కుంపటికి ఆనుకుని కాలింది. ఆమె కాలు తీయలేదు. కాలుతున్న సంగతి ఆమెకు తెలియలేదు.

వాసన మొదట కోడలు నీలమ్మకు తగిలింది. పాలు పొంగాయనుకుని వెనక్కి తిరిగింది. పాలు పొంగలేదు. అత్తగారు పీట మీద కూర్చుని, రెండు చేతులూ కుంపటి మీదికి చాచి చలి కాచుకుంటోంది.

"అత్తమ్మా, కాలు! కాలు తియ్యి!"

"ఏ కాలు?" అన్నది సక్కుబాయి.

నీలమ్మ కుంపటిని పక్కకు లాగింది. పాదం అంచున, చివరి రెండు వేళ్ల దగ్గర తోలు లేచిపోయింది. సక్కుబాయి వంగి, ఎవరిదో కాలు చూసినట్టు చూసింది.

"నొప్పి లేదే. లొల్లి చెయ్యకు, వాడు లేస్తడు."

వాడంటే కొండల్. ఆమె కొడుకు, నీలమ్మ భర్త. అఫ్జల్‌గంజ్‌లో వాళ్లది మేవా దుకాణం. ఖర్జూరం, బాదం, అంజీరు, ఖుబానీ అనే ఎండు ఆప్రికాట్లు బస్తాల్లో వస్తాయి, పొట్లాల్లో పోతాయి. మూడు తరాలుగా అదే వ్యాపారం. బాలింతకు ఏం పెట్టాలి, జ్వరం తగ్గినవాడికి ఏం పెట్టాలి అని వాడకట్టంతా వాళ్లనే అడుగుతుంది. ఆ ఇంట్లో తీపి అంటే మిఠాయివాడు అమ్మేది. మేవా అంటే బలం. ఆ రెండింటినీ ఎవరూ ఒక గాటన కట్టలేదు.

పది గంటలకు డాక్టరు వచ్చాడు. సక్కుబాయిని కళ్లు మూసుకోమని, పాదం మీద ఆరుచోట్ల గుండుసూదితో పొడిచాడు. ఎన్నిసార్లు పొడిచానో చెప్పమన్నాడు.

"పొడువు, చెప్త," అన్నది సక్కుబాయి.

డాక్టరు సూదిని డబ్బాలో పెట్టేసి కొండల్ వైపు తిరిగాడు. "శక్కర జబ్బు నరాలను చంపింది. దసరాకే చెప్పిన గదా, శక్కర, బెల్లం, మిఠాయి బంద్ అని?"

"బంద్ చేసినం సాబ్. శక్కర డబ్బాకు తాళమేసిన. చాయ్ గూడ ఉత్తదే."

"మరి జబ్బెందుకు దిగలే?"

డాక్టరు సంచిలోంచి నీలిరంగు మందునీళ్ల సీసా, ఒక గాజు గొట్టం, స్పిరిటు దీపం తీసి నీలమ్మ ముందు పెట్టాడు. రోజూ పొద్దున ఈ నీళ్లు గొట్టంలో పోసి, అత్తగారి మూత్రం ఎనిమిది చుక్కలు కలిపి మరిగించాలి. నీలంగానే ఉంటే శక్కర లేనట్టు. పచ్చబడితే కొంచెం. ఇటుక రంగుకు తిరిగితే చాలా. కాంపౌండరు రోజూ వచ్చి ఇన్సులిన్ సూది వేస్తాడు.

"నోటికెల్లి తీపి పోతుంటే సూది పనిచెయ్యదు. నెల లోపల పుండు మానాలె. లేకుంటే పాదం తీసెయ్యాల్సి వస్తది," అన్నాడు డాక్టరు. సక్కుబాయి వింటూనే ఉంది. మంచం మీద గోడవైపు తిరిగింది.

దసరా తర్వాత ఆమె ఇలాగే ఉండింది. అంతకుముందు పూట పూటకూ అన్నం చివర బెల్లంముక్క లేనిదే లేచేది కాదు. బెల్లం ఆపిన రోజు నుంచి మాట ఆగింది, తిండి సగమైంది. కంచం ముందు కూర్చునేది, రొట్టె తుంచేది, తుంచిన ముక్కను కంచంలోనే పెట్టి లేచేది. మూడు వారాల్లో రెండు చేతుల గాజులూ మోచేతిదాకా జారాయి.

ఆ రోజుల్లోనే పక్కింటి ఖైసర్ బేగం, కొండల్ ఖాలా అని పిలిచే పిన్ని వరస మనిషి, గోడలోని చిన్న తలుపు తెరుచుకుని కోకో డబ్బా తెచ్చింది. ఆ తలుపు రెండు ఇళ్ల పెరళ్లకూ నడుమ ఉంది. ఆమె మరిదికి సికింద్రాబాద్ కంటోన్మెంటులో నౌకరీ. డబ్బా అతను తెచ్చింది.

"పాలల్ల ఏస్తే జహర్ లెక్కుంది, నీలమ్మా. మా పిల్లలు థూ అని ఉమ్మిన్రు. నువ్వేమన్న చేస్కో."

నీలమ్మ పొడిని నాలుక మీద వేసుకుంది. చేదు. శక్కర లేదు. శక్కర జబ్బుకు కాకరకాయ మంచిదని అందరూ చెప్పేదే. చేదు మంచిదైతే, మేవా బలమైతే, రెండూ కలిపితే మందే అవుతుందని ఆమె లెక్కవేసింది.

ఖర్జూరం గింజ తీసి, ఆ చోట బాదంపప్పు పెట్టింది. ఖుబానీని ఖైసర్ బేగంను అడిగి నానబెట్టించుకుంది, ఆమె దాన్ని తన పూల కటోరా గిన్నెలో ఇచ్చింది. నానిన ఖుబానీని అంజీరుతో కలిపి రోట్లో నూరి ఉండలు కట్టింది. నెయ్యి కరగబెట్టి, కోకో పొడి కొంచెం కొంచెంగా వేస్తూ గరిటెకు అంటుకునేదాకా కలిపింది. వెదురుపుల్లకు గుచ్చి ఒక్కొక్కటే ముంచి, తడి ఇసుక మీద పెట్టిన ఇత్తడి పళ్లెంలో దించింది. చలికి నెయ్యి గంటలో గడ్డకట్టింది.

"ఏందే ఇది?" అన్నది సక్కుబాయి. ఇరవై రోజుల్లో అది ఆమె మొదటి మాట.

"చాకలేటు. దొరసానులు తింటరంట. శక్కర పలుకు లేదు."

సక్కుబాయి ఒకటి తిన్నది. ఇంకొకటి తీసుకుంది. "దొరసానుల నోళ్లు మస్తు చేదుంటయేమో," అన్నది. ఆ మధ్యాహ్నం రెండు జొన్నరొట్టెలు తిన్నది. దీపావళి నుంచి రోజుకు మూడు, తర్వాత ఐదు. కొండల్ కూడా రుచి చూసి మంచి ఖర్జూరాన్ని దుకాణం నుంచి ఏరి తెచ్చాడు. నీలమ్మ గింజలు తీస్తుంటే సక్కుబాయి పక్కన కూర్చుని తన పెళ్లినాటి సంగతులు చెప్పేది.

కాలు కాలిన తర్వాత నాలుగు రోజులు గాజు గొట్టంలో నీళ్లు ఇటుక రంగుకే తిరిగాయి. పన్నెండో తేదీ, శనివారం, కొండల్ దుకాణానికి పోలేదు. గొట్టం పట్టుకుని వంటగది గడప మీద నిలబడ్డాడు.

"ఎవలు పెడుతున్నరు?"

"నన్నడుగుతున్నరా?" అన్నది నీలమ్మ.

"ఇంట్ల ముగ్గురమే. నేను పెట్టలే. అమ్మ కుంటుకుంట మిఠాయి దుకాణం పోదు. ఇగ మిగిలిందెవలు?"

"తాళంచెవి మీ మొలతాడుకే ఉన్నది. శక్కర నా ఒళ్లకెల్లి రాలుతదా?"

"మాట తిప్పకు. ఇష్టం లేకుంటే సైదాబాద్‌కు, మీ అమ్మగారింటికి పో. నా తల్లి కాలు పోగొట్టకు."

నీలమ్మ చేతిలోని చేట కింద పెట్టింది. ఎనిమిదేళ్ల కాపురంలో ఆమె ఆ మాట వినడం మొదటిసారి. కొండల్ కళ్లు అప్పటికే అటకకింద ఉన్న పూల కటోరా మీదికి పోయాయి. తీసి వేలితో తడిమాడు. అడుగున జిగురుంది.

"ఇది ఖాలాది గదా?"

"ఖుబానీ నానబెట్టి ఇచ్చింది. నేనే అడిగిన."

కొండల్ వినలేదు. ఖైసర్ బేగం ఇంట్లో పండగలకూ పెళ్లిళ్లకూ ఖుబానీని శక్కరపాకంలో వండుతారు. అది అతనికి చిన్నప్పటి నుంచీ తెలుసు, తిన్నవాడే. పెరట్లోకి పోయి గోడ తలుపు బాదాడు.

"క్యా హువా రే? గోడ కూల్తదా?" అంటూ ఖైసర్ బేగం వచ్చింది.

"మా అమ్మకు ఖుబానీ మీఠా పంపుతున్నవా, ఖాలా?"

"దసరా కెల్లి నీ ఇంటికి శక్కర పలుకు గూడ పంపలే. సక్కక్కకు జబ్బని నాకు ఎర్క లేదా?"

"పంపకుంటే ఈ రంగెట్లొచ్చె?" కొండల్ గొట్టం ఆమె ముఖం ముందుకు పట్టాడు.

ఆమె గొట్టాన్ని చూసింది, అతన్ని చూసింది. "పేషాబు పట్టుకొచ్చి నా మీద సాక్ష్యం చెప్పిస్తున్నవా, కొండల్? నీకు ఏడు నెలలప్పుడు మీ అమ్మ జ్వరంతోని పడుంటే పాలిచ్చిన దాన్ని. ఇయ్యాల జహర్ పెట్టినదాన్నైన. అచ్ఛా."

కటోరా తీసుకుని వెళ్లిపోయింది. కొండల్ సుత్తి తెచ్చి ఆ తలుపుకు నాలుగు మేకులు కొట్టాడు.

నీలమ్మ వంటగది గడప దగ్గరే ఉండింది. కటోరాలో శక్కర లేదని ఆమెకు తెలుసు. ఒకసారి చెప్పింది, రెండోసారి చెప్పలేదు. తన మీది కోపం గోడ అవతలికి పోయింది. ఆ సంగతి ఆమె గమనించింది. చేట తీసుకుని బియ్యంలో రాళ్లు ఏరింది.

పదమూడో తేదీ ఇటుక రంగు. పద్నాలుగు, సోమవారం, ఇటుక రంగు. మేకులు కొట్టి రెండు రోజులైంది. ఆ ఇంటికి బయటినుంచి ఏదీ రాలేదు. సక్కుబాయి నోట్లోకి పోయిన ప్రతిదీ నీలమ్మ చేత్తో పెట్టిందే. ఆమె వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంది. జొన్నరొట్టె. బీరకాయ కూర. మజ్జిగ. ఉత్త చాయ్. ఐదో వేలు మడవలేదు. పళ్లెంలో ఆరు చాకలేట్లున్నాయి.

తొమ్మిది గంటలకు ఒక ఖర్జూరాన్ని నీళ్లలో పిసికింది. గొట్టం మూడుసార్లు కడిగింది. నీలి మందు పోసి, ఖర్జూరం నీళ్లు ఎనిమిది చుక్కలు వేసి, దీపం మీద పట్టింది. నీలం పచ్చబడింది, పసుపైంది, ఇటుక రంగుకు తిరిగింది. దీపం ఆర్పి, గొట్టాన్ని గ్లాసులో నిలబెట్టి, అక్కడే కూర్చుంది. ఆ గొట్టం పారబోస్తే ఎవరికీ తెలియదు. తలుపుకు మేకులు అలాగే ఉంటాయి. చాకలేట్లు మెల్లగా మానేయొచ్చు.

ఒంటిగంటకు కొండల్ భోజనానికి వచ్చాడు. కంచం బదులు గ్లాసు అతని ముందు పెట్టింది.

"అమ్మదా? పొద్దున చూసిన గదా."

"అత్తమ్మది కాదు. మన దుకాణంల ఖర్జూరం."

కొండల్ గ్లాసు వైపు వంగి చూశాడు. తర్వాత లేచి శక్కర డబ్బా తాళం తీశాడు. చెంచా శక్కర నీళ్లలో కలిపి, తనే దీపం వెలిగించి మరిగించాడు. నీళ్లు నీలంగానే ఉన్నాయి.

"చూసినవా! అసలు శక్కరకే రంగు రాలే. నీ పరీక్ష తప్పు."

"తప్పో కాదో నాకు తెల్వది. డాక్టరు నడుగుదాం పా. తప్పైతే నన్ను సైదాబాద్‌కు పంపు. ఒప్పైతే ఖాలా దగ్గరికి పోదాం."

డాక్టరు రెండు గొట్టాలూ వెలుతురుకు పట్టి చూశాడు. "ఈ మందు తెల్ల శక్కరను పట్టది. అది కడుపుల పడ్డంక మారుతది, ఖర్జూరంల ముందే మారిన శక్కరుంటది. ఒంట్లకు పోయినంక రెండూ ఒకటే. రోజుకెన్ని పెట్టినవమ్మా?"

"ఐదు. ఒక్కోపారి ఆరు."

"ఎప్పటికెల్లి?"

"దీపావళికెల్లి."

డాక్టరు రాసుకున్నాడు.

"మేవా తినొద్దని మీరు చెప్పలే, సాబ్," అన్నాడు కొండల్.

"మీరు అడగలే."

ఇద్దరూ టాంగాలో ఇంటికి వచ్చారు. దిగాక నీలమ్మ నేరుగా అత్తగారి మంచం దగ్గరికి పోయింది. "అత్తమ్మా, ఖాలా ఏం పెట్టలే. నేనే పెట్టిన. ఆ చాకలేట్లల్లనే ఉందంట శక్కర. నీ కాలు గిట్లయింది నా చేతులతోనే."

సక్కుబాయి గోడవైపు తిరిగి పడుకుని ఉంది. ఇటు తిరిగింది.

"నా కాలే సచ్చింది. నోరు సావలే. ఖర్జూరం తియ్యగుంటదని నాకు తెల్వదా?"

"మరి చెప్పలేదేంది?"

"చెప్తే చేసుడు ఆపుతవు. నువ్వు గింజలు తీసుకుంట కూసుందువు, నేను మాట్లాడుదును. ఆపితే మళ్ల నువ్వు పొయ్యి కాడ, నేను మంచం కాడ." ఆమె కట్టు కట్టిన పాదం వైపు చూసింది. "వాడు ఖైసర్‌ను అన్ని మాటలంటుంటే గూడ నోరు తెరవలే నేను."

"నేను గూడ తెరవలే," అన్నది నీలమ్మ.

కాలు కాలిన రోజు నుంచి నీలమ్మ ఏడవలేదు. సైదాబాద్ మాట విన్నప్పుడూ ఏడవలేదు. ఇప్పుడు మంచం పట్టె మీద నుదురు ఆనించి ఏడ్చింది. సక్కుబాయి చేయి ఆమె తల మీద ఉంది. పెరట్లో మేకులు పీకుతున్న చప్పుడు వినిపించింది.

నాలుగో మేకు ఊడగానే అవతలినుంచి ఖైసర్ బేగం గొంతు వచ్చింది. "మళ్ల పేషాబు తెచ్చినవా?"

"లేదు, ఖాలా. తప్పయింది. మాఫ్ చెయ్యి." కొండల్ తలుపు పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

"మాఫీ తర్వాత చూద్దాం. అడ్డం జరుగు, సక్కక్కను చూడాలె." లోపలికి వచ్చి, మంచం దగ్గర నేల మీద కూర్చుని, సక్కుబాయి పాదం ఒళ్లో పెట్టుకుంది. "నేనిచ్చిన కోకో గదా," అన్నది.

ఆ సాయంత్రం నుంచి సక్కుబాయికి మేవా ఇవ్వలేదు. నీలమ్మ రోజూ మంచం దగ్గరే పీట వేసుకుని కూరలు తరిగింది. డిసెంబరు 27 నాటికి గొట్టంలో నీళ్లు పచ్చరంగు దగ్గర ఆగాయి. పాదం మీద పుండు మానింది. వేళ్ల దగ్గర మానలేదు.

1943 జనవరి 5, మంగళవారం, ఉదయం పదకొండు గంటలకు పెద్దాసుపత్రిలో సక్కుబాయి ఎడమకాలి చివరి రెండు వేళ్లు తీసేశారు. పాదం మిగిలింది.